తొమ్మిది నెలలు అంతరిక్షంలో ఉండటం అంత కష్టమా? సూరత్‌లో ఉన్న మా బావ సంగతి ఏమిటి మరి?

మహేంద్రతనయ
సునీతా విలియమ్స్ అంతరిక్ష కేంద్రంలో చిక్కుకుపోయారని అప్పట్లో మా వీధిలో గుడికి వెళ్ళి కొబ్బరికాయలు కొట్టిన వాళ్ళున్నారు. ఆవిడ తిరిగి వచ్చి ఎంతో కాలమైనా మా పర్లాకిమిడి టీ దుకాణాల్లో ఆ ముచ్చట తెగడం లేదు. ఎనిమిది రోజులకని వెళ్ళి 286 రోజులు ఉండిపోయారు, పాపం ఏం తిన్నారో, ఎలా పడుకున్నారో అని. ఆవిడ మీద నాకు కోపం లేదు. కానీ మా బావ సూరత్‌లో మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేస్తాడు. పగటి షిఫ్టు వాళ్ళు పనికి వెళ్తే, వాళ్ళు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టు వాళ్ళు పడుకుంటారు. ఏడాదికి ఒకసారి ఊరికి వస్తే గొప్ప. ఆయన కోసం ఎవరూ కొబ్బరికాయ కొట్టలేదు. చల్లని గదిలో తేలుతూ, కిటికీలోంచి భూమిని చూస్తూ, సర్కారు జీతం తీసుకోవడంలో అంత కష్టం ఏముంది? తెలిసినవాళ్ళు చెప్పండి. ‘ఆవిడ మనందరికీ స్ఫూర్తి’ తరహా జవాబులు మాత్రం వద్దు.

బరంపురం_పట్టు
మా వీధిలోనూ సగం ఇళ్ళు సూరత్ డబ్బుతోనే నడుస్తున్నాయి. మీ కోపం అర్థమైంది గానీ, తేలడం సుఖమన్నట్టు రాశారు చూడండి, అది అన్యాయం. అక్కడ అసలు జబ్బు అదే.

గుణుపురం_గుమాస్తా
రోజంతా కుర్చీలో కూర్చుని నడుం పట్టేసిన మనిషిని. తేలడం జబ్బంటే నాకు నమ్మకం కుదరడం లేదు. వివరంగా రాయండి.

రాయగడ_నర్సమ్మ
గుమాస్తా గారూ, అక్కడికి వెళ్తే మీ నడుం నొప్పి పెరుగుతుంది. బరువు పడకపోయేసరికి వెన్నుపూసల మధ్య సందు పెరిగి మనిషి కొద్దిగా పొడవు సాగుతాడు. మొదటి రోజుల్లో చాలామంది నడుం నొప్పితోనే బాధపడతారు.

అది చిన్న విషయం. ఎముకల సంగతి వినండి. తుంటి, వెన్ను, కాళ్ళు, అంటే ఒంటి బరువు మోసే ఎముకల సాంద్రత నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా తగ్గుతుంది. తుంటి విరిగి మా వార్డుకు వచ్చే ముసలమ్మలకు ఏడాదిలో తగ్గేంత, వీళ్ళకు నెలలో పోతుంది. ఆ కాల్షియం మూత్రంలో దిగుతుంది కనుక కిడ్నీలో రాళ్ళ భయం. నీరూ నెత్తురూ కాళ్ళలోంచి పైకి చేరతాయి. ముఖం ఉబ్బుతుంది, పిక్కలు సన్నబడతాయి, ముక్కు దిబ్బడ వేస్తుంది. నెలలు గడిచేకొద్దీ కొందరికి కంటి వెనుక నరం వాచి చూపు మారిపోతుంది.

దీన్ని అదుపులో పెట్టడానికి రోజుకు రెండు గంటల దాకా వ్యాయామం. పట్టీలతో ఒంటిని కిందికి లాగి కట్టుకుంటేనే ట్రెడ్‌మిల్ మీద కాలు ఆనుతుంది. ఇనుప గుండ్లు అక్కడ దండగ కాబట్టి, బరువులెత్తడానికి గాలి తీసేసిన గొట్టాల బిగువుతో పనిచేసే యంత్రం పెట్టారు. ఇంత చేసినా, ఆరు నెలలు దాటి ఉన్నవాళ్ళలో కొందరికి కాలి ఎముక దిగి వచ్చిన ఏడాదికి కూడా పూర్తిగా కోలుకోలేదు.

మహేంద్రతనయ
సరే నర్సమ్మ గారూ. మరి పన్నెండు గంటలు మగ్గం దగ్గర నిలబడినవాడి కాళ్ళ నరాలు ఉబ్బవా? అదీ ఒళ్ళే కదా.

రాయగడ_నర్సమ్మ
ఉబ్బుతాయి. కాదని నేను అనలేదే.

కొరాపుట్_కాఫీ
ఒక అనుమానం. అక్కడ గురుత్వాకర్షణే లేదు కదా, మరి ఎముకలు అరగడం ఎలా?

సిరొంచ_మాస్టారు
గోదావరి ఇవతల, మహారాష్ట్ర వైపు నుంచి రాస్తున్నాను. గురుత్వాకర్షణ లేకపోతే ఆ కేంద్రం భూమి చుట్టూ ఎందుకు తిరుగుతుంది నాయనా? ఎటో పోయేది. 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా నేల మీద ఉన్న ఆకర్షణలో దాదాపు 90 శాతం ఉంటుంది. నూతిలో తాడు తెగితే చేదా, చేదలోని నీళ్ళూ కలిసే పడతాయి. పడుతున్నంతసేపు నీళ్ళ బరువు చేదకు తెలియదు. కేంద్రమూ, అందులోని మనుషులూ అలా కలిసి పడుతూనే ఉన్నారు. గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో పక్కకు దూసుకుపోతున్నందువల్ల నేల తగలదు, అంతే. భూమిని ఒక చుట్టు చుట్టడానికి గంటన్నర. రోజుకు పదహారు సూర్యోదయాలు.

ఎముక అరగదు. పని లేదని తెలిసి ఒళ్ళే దాన్ని కరిగించుకుంటుంది.

గుణుపురం_గుమాస్తా
పదహారు సూర్యోదయాలంటే పదహారు సార్లు సంధ్యావందనం. మా మామగారికి ఈ సంగతి తెలియనివ్వను, టికెట్ ఎంత అని అడుగుతారు.

పాత_రేడియో
సూర్యుణ్ణి నమ్ముకుంటే నిద్ర ఉండదు కాబట్టి వాళ్ళు గ్రీనిచ్ గడియారం నమ్ముకున్నారు. ఉదయం 6 గంటలకు లేస్తారు, అప్పుడు మనకు 11.30. రాత్రి 9.30కి పడుకుంటారు, మనకు తెల్లవారుజామున 3. ఈ మధ్యలో ఎవరు ఏ నిమిషంలో ఏం చేయాలో కింద కూర్చున్నవాళ్ళు రాసి పంపుతారు. తెర మీద ఆ పట్టిక, దాని మీద ఒక ఎర్ర గీత కదులుతూ ఉంటుంది. గీత మీ పనిని దాటిపోయిందంటే మీరు వెనకబడినట్టు. మహేంద్రతనయ గారూ, షిఫ్టు మేస్త్రీ అక్కడా ఉన్నాడు.

ఓడ_సరంగు
గోపాల్‌పూర్ దగ్గర మా ఊరు. సరుకు ఓడల మీద పని. ఎముకలు, సూర్యోదయాలు చదివాను. కానీ అసలు సంగతి ఎవరూ ముట్టుకోలేదు.

నెలలు ఎన్ని అన్నది పెద్ద విషయం కాదు. తొమ్మిది నెలల కాంట్రాక్టు మీద ఓడ ఎక్కినవాడు తొమ్మిది నెలలకు మనసు కట్టుకుంటాడు. దిగే తేదీ తెలిస్తే చాలు. ఆ తేదీ జరిగితే మాత్రం తరవాతి వారమే ఏడాదిలా ఉంటుంది. 2020లో కరోనా వచ్చి రేవులు మూసేసినప్పుడు లక్షల మంది నావికులు కాంట్రాక్టు అయిపోయినా దిగలేక ఓడల మీదే ఉండిపోయారు. అందులో నేనూ ఉన్నాను. తిండి ఉంది, జీతం ఉంది, గది ఉంది. అయినా మా వంటవాడు ఎవరితోనూ మాట్లాడటం మానేశాడు.

ఇప్పుడు ఇద్దరి సంగతి చూడండి. రష్యా వైద్యుడు వలేరీ పొల్యకోవ్ 1994 జనవరిలో మీర్ కేంద్రానికి వెళ్ళి 1995 మార్చిలో దిగాడు. 437 రోజులు. ఒకే ప్రయాణంలో అన్నాళ్ళు ఉన్నవాడు మరొకడు లేడు. ఆయన కావాలని, ముందే తెలిసి వెళ్ళాడు. దిగాక తన కాళ్ళ మీద నడిచి చూపించాడు. అమెరికాకు చెందిన ఫ్రాంక్ రూబియో 2022 సెప్టెంబరులో ఆరు నెలలకని వెళ్ళాడు. డిసెంబరులో ఆయన సోయుజ్ నౌకలో చల్లబరిచే ద్రవం కారిపోయింది. వేరే నౌకను ఖాళీగా పంపి, దాని వంతు చూసి దించేసరికి 371 రోజులైంది. ఏడాది అని ముందే చెప్పి ఉంటే ఇంటివాళ్ళ కోసం ఒప్పుకునేవాణ్ణి కాదని ఆయనే చెప్పాడు. పొల్యకోవ్ కంటే రెండు నెలలు తక్కువే ఉన్నాడు. ఎవరిది ఎక్కువ కష్టం అని నన్ను అడిగితే రూబియోదే అంటాను.

జయపురం_జయ
క్రికల్యోవ్‌ను మరిచారు సరంగు గారూ. 1991 మేలో సోవియట్ యూనియన్ పంపితే, 1992 మార్చిలో దిగేసరికి ఆ దేశమే లేదు.

ఓడ_సరంగు
మరవలేదమ్మా. జెండా మారిన ఓడ మీద మేమూ పనిచేశాం. కానీ మా కింద సముద్రం మారలేదు.

బరంపురం_పట్టు
సరంగు గారు చెప్పింది బాగుంది గానీ, సునీతా గారికి అది వర్తించదు. ‘చిక్కుకుపోవడం’ అనేది టీవీ వాళ్ళు పెట్టిన మంట. వాళ్ళు వెళ్ళిన బోయింగ్ నౌక స్టార్‌లైనర్‌లో హీలియం కారింది, నౌకను తోసే చిన్న ఇంజన్లు (థ్రస్టర్లు) కొన్ని మొరాయించాయి. దాన్ని నమ్మలేక 2024 సెప్టెంబరులో ఖాళీగా దించేశారు. అదే నెలాఖరులో క్రూ-9 అనే జట్టుతో వెళ్ళిన స్పేస్‌ఎక్స్ నౌక డ్రాగన్‌లో నలుగురికి బదులు ఇద్దరినే పంపి రెండు కుర్చీలు వీళ్ళకు ఉంచారు. అప్పటి నుంచి ప్రమాదం వస్తే దిగడానికి నౌక పక్కనే ఉంది. అంతకుముందు కూడా క్రూ-8 నౌకలో సామాను పెట్టే చోట తాత్కాలికంగా జాగా కల్పించారు. పైగా ఆవిడ కేంద్రానికి కమాండర్ అయ్యారు. చిక్కుకున్న మనిషి చేసే పనా అది?

ఓడ_సరంగు
పట్టు గారూ, మా కంపెనీ కూడా మేము ‘చిక్కుకున్నాం’ అనలేదు, ‘కాంట్రాక్టు పొడిగింపు’ అన్నది. పడవ పక్కనే ఉందన్నారు, మా ఓడకూ లైఫ్‌బోట్లు ఉన్నాయి. ఓడ మునిగితే వాడుకోవచ్చు, ఇంటికి వెళ్ళడానికి కాదు. తరవాతి జట్టు క్రూ-10 వచ్చి పని అప్పగించుకుంటే తప్ప వీళ్ళు దిగడానికి లేదు. ఆ క్రూ-10 ఫిబ్రవరి అన్నారు, మార్చి నెలాఖరు అన్నారు, చివరికి వేరే నౌక పెట్టి మార్చి 14న పంపారు. బదిలీ మనిషి కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో చేసినవాడికి తెలుస్తుంది.

బరంపురం_పట్టు
ఆవిడ ముఖంలో ఎక్కడైనా ఆ బాధ కనిపించిందా?

ఓడ_సరంగు
ఇంటికి వీడియో కాల్ చేసేటప్పుడు మేమూ నవ్వేవాళ్ళం.

మహేంద్రతనయ
ఇదీ మాట. సరే, పట్టు గారూ, అన్ని నెలలు అదనంగా ఉన్నందుకు ఓవర్‌టైమ్ ఎంత ఇచ్చారో చెప్పండి.

బరంపురం_పట్టు
ఓవర్‌టైమ్ లేదు. వాళ్ళు ప్రభుత్వోద్యోగులు, నెల జీతం మామూలే. పర్యటన మీద వెళ్ళినట్టు లెక్కకట్టి చిల్లర ఖర్చులకు రోజుకు 5 డాలర్లు. 286 రోజులకు 1,430 డాలర్లు. తిండి, బస ఉచితం కనుక ఆ భత్యాలు రావు.

గుణుపురం_గుమాస్తా
ఆ బిల్లు మా ఆఫీసుకు వస్తే ‘ప్రయాణ సాధనం మార్చినందుకు పై అధికారి అనుమతి జతపరచలేదు’ అని రాసి తిప్పి పంపేవాళ్ళం.

మహేంద్రతనయ
నవ్వాను. రోజుకు 5 డాలర్లు అని మాత్రం అనుకోలేదు.

కొరాపుట్_కాఫీ
ఇంటికి ఫోను చేసుకోవచ్చా?

పాత_రేడియో
చేసుకోవచ్చు. ఉపగ్రహం అందుబాటులో ఉన్నప్పుడు కంప్యూటర్ నుంచి మామూలు ఫోను నంబరుకే చేస్తారు. మాట చేరడానికి కొంచెం ఆలస్యం. 2015 క్రిస్మస్ సమయంలో బ్రిటన్ వ్యోమగామి టిమ్ పీక్ తప్పు నంబరు నొక్కి, ఎత్తిన ఆవిడను ‘ఇది భూగోళమేనా’ అని అడిగాడు. తరవాత బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు.

ఇది కాక కేంద్రంలో హామ్ రేడియో, అంటే నా లాంటి ఔత్సాహికులు వాడే రేడియో ఉంది. 2025 జులైలో శుభాంశు శుక్లా బెంగళూరు, షిల్లాంగ్ నుంచి పిల్లలతో మాట్లాడింది దాని మీదే. కేంద్రం ఆకాశంలో ఈ చివర నుంచి ఆ చివరకు దాటే పది నిమిషాల లోపే మాట్లాడుకోవాలి. మన వైపు ఏ బడి అయినా పూనుకుంటే నా యాంటెన్నా మోసుకొస్తాను. ఎన్నోసార్లు అడిగాను, ‘సిలబస్‌లో లేదు’ అంటున్నారు.

సిరొంచ_మాస్టారు
మా బడికి రండి. సిలబస్ సంగతి నేను చూసుకుంటాను. ప్రాణహిత ఒడ్డున బస, చేపల పులుసు.

గుణుపురం_గుమాస్తా
శుక్లా మూడు వారాలకే వచ్చేశారు, లెక్కలోకి రారు. మన తెలుగు మూలాల వాళ్ళు ఎవరైనా నెలల తరబడి ఉన్నారా?

బరంపురం_పట్టు
రాజా చారి. తండ్రి హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళారు. క్రూ-3కి కమాండర్‌గా 2021 నవంబరు నుంచి 2022 మే దాకా ఉన్నారు, 177 రోజులు. అనుకున్న వేళకు దిగారు కాబట్టి మన టీ దుకాణాలకు ఆయన పేరే తెలియదు.

కొరాపుట్_కాఫీ
తిండి ఎవరూ రాయలేదు. ఆవకాయ తీసుకెళ్ళనిస్తారా?

రాయగడ_నర్సమ్మ
ముక్కు దిబ్బడ వల్ల రుచి సరిగా తెలియక చాలామంది కారం కోసం మొహం వాచి ఉంటారు. కారపు సాస్‌కు గిరాకీ. ఆవకాయలో నూనె బొట్లు తేలి ఎక్కడికి పోతాయో చెప్పలేం. బ్రెడ్ కూడా అందుకే వద్దన్నారు, పొడి రాలి కంట్లోనో యంత్రంలోనో పడుతుంది. మన చపాతీ లాంటి టోర్టియాలు తింటారు. శుక్లా క్యారట్ హల్వా, పెసరపప్పు హల్వా, మామిడి రసం తీసుకెళ్ళారు. నీళ్ళ సంగతి అడగకండి, భోజనాల వేళ.

గుణుపురం_గుమాస్తా
అడుగుతున్నాను.

రాయగడ_నర్సమ్మ
చెమట, ఊపిరిలో తేమ, మూత్రం అన్నీ శుద్ధి చేసి మళ్ళీ తాగుతారు. 98 శాతం నీళ్ళు అలా తిరిగి వస్తున్నాయని 2023లో నాసా చెప్పింది. మన కుళాయి నీళ్ళ కంటే శుభ్రం, ముఖం అలా పెట్టకండి.

ఇంకో సంగతి చెప్పి ఆపేస్తాను. కేంద్రంలో ఫ్యాన్లు రాత్రింబవళ్ళు తిరగాల్సిందే. అక్కడ వేడి గాలి పైకి పోదు, కాబట్టి ఫ్యాను ఆగితే నిద్రపోతున్నవాడు వదిలిన ఊపిరి వాడి ముఖం చుట్టే పేరుకుంటుంది. దానితో ఆ హోరు ఎప్పుడూ ఉంటుంది. నెలల తరబడి అందులో ఉంటే చెవి దెబ్బతింటుందని, పైన ఉండగానే వినికిడి పరీక్షలు చేస్తారు. ఒకాయనకో ఒకావిడకో, పేరు బయట పెట్టలేదు, వెళ్ళిన రెండు నెలలకు మెడ సిరలో రక్తం గడ్డ కనిపించింది. బాధేమీ లేదు, పరిశోధన కోసం చేసిన స్కానింగ్‌లో దొరికింది. భూమి మీది డాక్టరు ఫోను, ఈమెయిలు మీదే వైద్యం నడిపాడు. పైన ఉన్న ఇంజెక్షన్లు పొదుపుగా వాడించి, సరుకు నౌకలో మాత్రలు వచ్చాక వాటికి మార్చారు. ఆ మనిషి పూర్తి కాలం ఉండి క్షేమంగా దిగారు. 2020లో వైద్య పత్రికలో అచ్చయింది.

జయపురం_జయ
మహేంద్రతనయ గారూ, మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది అనిపిస్తోంది. పైకి వెళ్ళేవాళ్ళ చెవి, కన్ను, ఎముక, నెత్తురు, మూత్రం అన్నీ వెళ్ళకముందు కొలుస్తారు, పైన కొలుస్తారు, దిగాక ఏళ్ళ తరబడి కొలుస్తారు. అందుకే వాళ్ళ కష్టం శాతాల్లో మనకు తెలుసు. నర్సమ్మ గారు ఇంత రాయగలిగింది కూడా ఎవరో రాసిపెట్టినందువల్లే. మరమగ్గాల హోరులో ఏళ్ళ తరబడి పనిచేసిన మీ బావ చెవిని, ఆయన పనిలో చేరిన రోజున ఎవరైనా పరీక్షించారా? మీ కోపానికి కారణం ఉంది. అది సునీతా గారి ఇంటి ముందు దించడమే బాగాలేదు.

మహేంద్రతనయ
ఎవరూ పరీక్షించలేదు. ఫోనులో అరిచి మాట్లాడతాడు, మనమూ అరవాలి. ‘మగ్గాల మనుషులంతా ఇంతే’ అని మా అక్క నవ్వేస్తుంది. ఇక కోపం ఎక్కడ దించాలన్నది నాకు వదిలేయండి. అంతరిక్షానికి ఇంత ఖర్చు పెట్టే లోకం ఒక్క చెవి పరీక్షకు ఎందుకు పెట్టదు అనే ప్రశ్న నాకు అలాగే ఉంది.

సిరొంచ_మాస్టారు
అలాగే ఉండనివ్వండి. కానీ ఆ ఖర్చు ఆపితే ఈ ఖర్చుకు వస్తుందనుకోవడం మాత్రం అమాయకత్వం.

రాయగడ_నర్సమ్మ
మీ బావ ఊరికి వచ్చినప్పుడు ఏదైనా పెద్ద ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగానికి తీసుకెళ్ళండి. ఆడియోమెట్రీ అని అడగండి. రైలు దిగిన పూటే వద్దు, ఒకటి రెండు రోజులు చెవికి విశ్రాంతి ఇచ్చాక చేయించాలి. పోయిన వినికిడి రాదు, ఉన్నది మిగులుతుంది. చెవిలో పెట్టుకునే బిరడాలు చవకే, మగ్గం దగ్గర పెట్టుకోమనండి.

మహేంద్రతనయ
ఈసారి బరంపురం ఠాకురాణి యాత్రకు వస్తానన్నాడు. చేయిస్తాను.

నౌపడా_చిన్నరైలు
నా వయసువాళ్ళకు అంతరిక్ష కేంద్రం అంటే స్కైలాబ్. అందులో చివరి జట్టు ముగ్గురు 84 రోజులు ఉండి 1974లో దిగిపోయారు. తరవాత ఖాళీ కొంప. 1979 జులైలో అది మన నెత్తిన పడుతుందని పుకారు పుట్టింది. గుణుపురం చిన్న రైల్లో ఎక్కడ చూసినా అదే మాట. మా ఊళ్ళో కోళ్ళూ మేకలూ ఒక్కటి మిగల్లేదు, ఎలాగూ పోతాం కదా అని కోసుకు తిన్నారు. మా పెదనాన్న దగ్గర అప్పు తీసుకున్నవాళ్ళు ‘పడనివ్వండి, తరవాత చూద్దాం’ అన్నారు. 11వ తేదీన ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. మా పెదనాన్న బాకీలు మాత్రం రాలేదు. ఇప్పుడున్నది దానికంటే ఎన్నో రెట్లు పెద్దది. ఇదీ పడుతుందా?

సిరొంచ_మాస్టారు
పడేస్తారు, పడదు. 2000 నవంబరు 2 నుంచి ఒక్క రోజు కూడా ఖాళీ లేకుండా మనుషులున్న ఇల్లు అది. 2030 దాకా నడిపి, ఆ తరవాత ప్రత్యేకంగా ఒక నౌకను తగిలించి దక్షిణ పసిఫిక్‌లో మనుషులు లేని చోట దించాలని నాసా పథకం. స్కైలాబ్‌కు అలాంటి పగ్గం లేదు, అందుకే అంత భయం. ఇక మన దేశం సొంత కేంద్రం 2035కి పూర్తి చేయాలనుకుంటోంది.

ఓడ_సరంగు
ఆ చోటు పేరు పాయింట్ నీమో. సరుకు ఓడలు కూడా ఆ వైపు పోవు. అక్కడికి దగ్గరలో ఉన్న మనుషులు ఎవరంటే, చాలాసార్లు నెత్తి మీద 400 కిలోమీటర్ల ఎత్తున పోతున్న వీళ్ళే.

గుణుపురం_గుమాస్తా
మా సహకార సంఘంలో అప్పు ఉన్నవాళ్ళు ఈ చర్చ చదువుతుంటే ముందే చెబుతున్నాను. పడేది పసిఫిక్‌లో. 2031లోనూ వాయిదాలు కట్టాల్సిందే.